అంబాసిడర్ హెడ్డులో పొసగని స్ప్రింగులు, రిటైనర్లు: ఒక కేస్ స్టడీ

కారు మార్క్-2 అంబాసిడర్. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడిపే కుటుంబానిది. 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఒకే కార్బురేటర్. బాడీ, పెయింటు చూడముచ్చటగా ఉంచుకున్నారు. ఏటా కార్తీకమాసంలో దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లడం ఆ ఇంటి ఆనవాయితీ. నల్లగొండలోని మా వర్క్‌షాపుకు ఆ కారు వచ్చింది కూడా ఆ దారిలో మొదలైన ఇబ్బందితోనే.

దోమలపెంట దాటి ఆనకట్ట వైపు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో ఇంజను మీద ఆపుకుంటూ వస్తే, సిలిండర్ల మీద వాల్వులుండే మూత, అంటే హెడ్డులోంచి గలగలమని చప్పుడు. వెంటనే యాక్సిలరేటర్ తొక్కితే కొన్ని క్షణాలు లాగదు, నాలుగింటిలో ఒక సిలిండరు పని చేయనట్లు కొట్టుకుంటుంది. మైదానంలో యాభై, అరవై మీద వెళ్తే ఏ లోపమూ లేదు. మా దగ్గరికి రాకముందే పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు మార్చారు, కార్బురేటర్ విప్పి కడిగారు. ఫలితం లేదు. పెద్దాయన ఇంకో రెండు సంగతులు చెప్పారు: కొన్ని వేల కిలోమీటర్లకోసారి ట్యాపెట్ల సందు (వాల్వుకు, దాన్ని నెట్టే రాకర్‌కు మధ్య వదిలే ఖాళీ) తగ్గిపోయి మళ్లీ సరిచేయించాల్సి వస్తోంది, పొద్దున స్టార్టు చేయగానే నీలం పొగ వస్తోంది. అంతకు రెండేళ్ల ముందు వేరేచోట హెడ్డు పని చేయించామని, అప్పుడు "స్ప్రింగులు కూడా కొత్తవే వేశారు" అని కూడా అన్నారు.

ట్యాపెట్ల సంగతి దగ్గర నేను ఆగాను. క్యామ్ తిరుగుతూ ట్యాపెట్టును, అది పుష్‌రాడ్‌ను, అది రాకర్‌ను నెడితే వాల్వు తెరుచుకుంటుంది, స్ప్రింగు దాన్ని మూస్తుంది. రాకర్, పుష్‌రాడ్, క్యామ్ అరిగితే సందు పెరుగుతుంది. తగ్గుతోందంటే వాల్వు హెడ్డులోకి దిగిపోతోందని అర్థం. ఈ ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వారి బి-సిరీస్ కుటుంబానిది. పోత ఇనుప హెడ్డు, వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు, అంటే సీట్లు, హెడ్డులోనే నేరుగా కోసి ఉంటాయి, విడి రింగులు ఉండవు. సీసం కలిపిన పెట్రోలు వాడిన రోజుల్లో ఆ సీసం సమ్మేళనాలు సీటు మీద పలుచని పొరగా ఉండి ఇనుమును కాపాడేవి. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. అప్పటినుంచి ఇలాంటి పాత హెడ్డుల్లో, ముఖ్యంగా పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వుల సీట్లు, వేడి మీద వాల్వు కొట్టుకునే కొద్దీ తరిగిపోతున్నాయి.

సీటు దిగితే స్ప్రింగుకు ఏమవుతుంది? చాలా గ్యారేజీల్లో ఈ ప్రశ్నే రాదు. వాల్వు సిలిండరు వైపు నుంచి హెడ్డు లోపలికి జరిగితే, దాని కాడ అవతలి వైపు అంతే మేర పైకి లేస్తుంది. కాడతోపాటు రిటైనర్, అంటే స్ప్రింగు తలను కాడకు పట్టి ఉంచే బిళ్ల, పైకి పోతుంది. స్ప్రింగు కూర్చునే చోటు మాత్రం కదలదు. కాబట్టి స్ప్రింగుకు దొరికిన ఖాళీ పెరుగుతుంది, దాని ఒత్తిడి తగ్గుతుంది. స్ప్రింగు కొత్తదైనా సరే, ఎంత ఎత్తుకు బిగించారో కొలవకపోతే అది పని చేస్తోందో లేదో చెప్పలేం.

విప్పకముందు చేసిన పరీక్షలు

సిలిండర్ల కంప్రెషన్ కొలిస్తే నాలుగింటి మధ్య పెద్ద తేడా లేదు. స్టార్టర్ తిప్పే వేగంలో వాల్వులు బాగానే మూసుకుంటున్నాయి కనుక ఈ పరీక్ష బలహీనమైన స్ప్రింగును పట్టుకోలేదు. ఇన్‌లెట్ మానిఫోల్డుకు వాక్యూమ్ గేజి తగిలించి చూశాం. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముల్లు నిలకడగా ఉంది. వేగం పెంచుతూ పోతే ముల్లు అటూ ఇటూ ఊగడం మొదలైంది, వేగం పెరిగే కొద్దీ ఊపు పెరిగింది. ఇది బలహీనమైన వాల్వు స్ప్రింగుల గుర్తు. గైడు (వాల్వు కాడ జారే గొట్టం) అరిగినా, సీటు కాలినా ముల్లు తీరు వేరుగా ఉంటుంది, నెమ్మది వేగంలోనే కనబడుతుంది.

చప్పుడు ఘాట్ దిగుడులోనే ఎందుకు? కారణాలు రెండు. ఈ ఇంజను తన గరిష్ఠ శక్తిని 4000 ఆర్‌పీఎంకు కాస్త పైన ఇస్తుంది. మామూలు డ్రైవింగులో ఆ వేగం దాకా ఎవరూ తీసుకెళ్లరు. రెండో గేరులో బండి దిగుతుంటే మాత్రం చక్రాలే ఇంజనును తిప్పుతాయి, డ్రైవరుకు తెలియకుండానే ఆ వేగం దాటిపోతుంది. వాల్వు, రిటైనర్, రాకర్, పుష్‌రాడ్, ట్యాపెట్ల జడత్వ బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 3000 నుంచి 4500కు వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, బలం రెండుంబావు రెట్లు. ఆ బలాన్ని స్ప్రింగు అదుపు చేయలేకపోతే ట్యాపెట్టు క్యామ్‌ను వదిలి గాలిలో తేలుతుంది, వాల్వు ఆలస్యంగా, దెబ్బలా వచ్చి సీటు మీద పడుతుంది. ఆ గలగల అదే.

రెండో కారణాన్ని ఎక్కువమంది లెక్కలోకి తీసుకోరు. దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తాం కాబట్టి సిలిండరులో గట్టి వాక్యూమ్ ఏర్పడుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు వెనక మాత్రం బయటి గాలి ఒత్తిడి ఉంటుంది. ఆ తేడా వాల్వును సిలిండరులోకి, అంటే తెరుచుకునే వైపు లాగుతుంది. వాల్వు తల వ్యాసం 32 మి.మీ. అనుకుంటే వైశాల్యం సుమారు 8 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోల తేడా ఉన్నా దాదాపు 5 కిలోల బలం స్ప్రింగుకు ఎదురు పని చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న స్ప్రింగుకు అది లెక్కలోది కాదు. సడలిన స్ప్రింగుకు అది ప్రాణం మీదికి తెచ్చే భారం.

హెడ్డు విప్పాక

ఈ ఇంజనులో వాల్వుల వరస ముందు నుంచి ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, మళ్లీ అదే వరస. మధ్యలో 4, 5 నంబరు వాల్వులు రెండూ ఎగ్జాస్టులే, పక్కపక్కనే ఉంటాయి, వాటి పొగ ఒకే దారిలో పోతుంది. హెడ్డు మొత్తంలో ఎక్కువ వేడెక్కే చోటు అదే. సీట్లు ఎక్కువగా దిగింది కూడా అక్కడే.

స్ప్రింగులు తీసి బల్ల మీద వరసగా నిలబెడితే అవి రెండు రకాలని కంటికే తెలిసింది. ఐదింటి తీగ మందం 4.0 మి.మీ., మూడింటిది 4.2 మి.మీ. మిగతా కొలతలు దాదాపు ఒకటే. తీగ మందంలో తేడా ఐదు శాతమే కదా అనిపిస్తుంది. కానీ స్ప్రింగు బిగువు, అంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బలం, తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే ఆ ఐదు శాతం తేడా బిగువులో దాదాపు 22 శాతంగా మారుతుంది. చుట్టు వ్యాసం పెరిగితే బిగువు దాని ఘనానికి విలోమంగా, చుట్ల సంఖ్య పెరిగితే దానికి విలోమంగా తగ్గుతుంది. అందుకే "చూడ్డానికి అలాగే ఉంది" అన్న మాట స్ప్రింగుల విషయంలో చెల్లదు. ఒకే హెడ్డులో ఎనిమిది వాల్వులు ఒకేలా నడవాలంటే ఎనిమిదీ ఒకే సెట్టులోవి కావాలి.

ఒత్తిడి కొలవడానికి ప్రత్యేక టెస్టరు లేనివాళ్లు కూడా ఆగిపోనక్కర్లేదు. డ్రిల్లింగ్ మెషిన్ కింద ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, దాని మీద స్ప్రింగు నిలబెట్టి, చక్‌లో చదునైన కడ్డీ బిగించి నెమ్మదిగా నొక్కుతూ వెర్నియర్‌తో ఎత్తు, కాటాలో బరువు చూసుకోవచ్చు. రెండు వేర్వేరు ఎత్తుల దగ్గర బరువు రాసుకుంటే బిగువు తేలిపోతుంది. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోవాలి, స్ప్రింగు జారితే తూటాలా పోతుంది.

ఇక బిగించిన ఎత్తు. స్ప్రింగు లేకుండా రిటైనర్, దాన్ని కాడకు బిగించే లాకులు మాత్రమే పెట్టి, వాల్వును సీటుకు గట్టిగా లాగి పట్టుకుని, స్ప్రింగు కూర్చునే చోటు నుంచి రిటైనర్ అడుగు దాకా కొలవాలి. ఈ రకం స్ప్రింగుకు ఉండాల్సింది 40.0 మి.మీ. ఇన్‌లెట్లలో 40.3 నుంచి 40.5 వచ్చింది. చివర్ల ఎగ్జాస్టులు 41.0, 41.1. మధ్యలోని 4, 5 నంబర్లు 42.1, 41.9. నాలుగో వాల్వు మీద ఉన్న స్ప్రింగు సడలి, విడిగా 48.2 మి.మీ. ఎత్తే మిగిలింది. దాని బిగువు మిల్లీమీటరుకు 2.36 కిలోలు. 42.1 దగ్గర అది ఇచ్చేది పద్నాలుగున్నర కిలోల లోపే, ఉండాల్సింది 25. అందులోంచి వాక్యూమ్ లాగే 5 కిలోలు తీసేయండి. ఘాట్‌లో ఆ వాల్వు మూసుకుని కూర్చోవడమే గొప్ప.

రిటైనర్లు చూశాక నాకు నిజంగా భయమేసింది. బి-సిరీస్ కుటుంబంలో జంట స్ప్రింగుల అమరికా ఉంది, ఒంటి స్ప్రింగుల అమరికా ఉంది. ఈ హెడ్డులో స్ప్రింగులు ఒంటివి, రిటైనర్లు జంట స్ప్రింగులవి. రిటైనర్ అడుగున స్ప్రింగును పట్టి ఉంచే మెట్టు స్ప్రింగు లోపలి వ్యాసానికి సరిపోవాలి, ఒకటి రెండు పదుల వంతు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వదులు ఉండకూడదు. ఇక్కడ స్ప్రింగు లోపలి వ్యాసం 24 మి.మీ., మెట్టు 22.3. స్ప్రింగు తల అటూ ఇటూ జరుగుతూ రిటైనర్ అడుగున మెరుగు పెట్టినట్లు అరగదీసింది. పక్కకు జరిగిన స్ప్రింగు వాల్వు కాడను కూడా ఒక పక్కకు నెడుతుంది, గైడు అండాకారంగా అరుగుతుంది.

అంతకన్నా ప్రమాదం లాకుల దగ్గర ఉంది. కాడ చుట్టూ కూర్చునే రెండు అర లాకుల బయటి వాలు, రిటైనర్ రంధ్రపు లోపలి వాలు ఒకే కోణంలో ఉండాలి. నీలం రంగు పూసి లాకులు కూర్చోబెట్టి తీస్తే, ఆ రంగు వాలు మొత్తానికి సమంగా అంటాలి. ఇక్కడ పై అంచున సన్నని ఉంగరంలా మాత్రమే అంటింది. అంటే భారమంతా ఆ గీత మీదే. ఐదో నంబరు రిటైనర్ రంధ్రం అప్పటికే గంటలా విచ్చుకుని, అంచున వెంట్రుకంత పగులు కనబడింది. అది ఊడితే లాకులు రిటైనర్ గుండా జారిపోతాయి, వాల్వు సిలిండరులో పడుతుంది. పిస్టన్, హెడ్డు, కొన్నిసార్లు బ్లాకు కూడా పోతాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి వెళ్లే కారు అది. పెద్దాయనకు ఆ పగులు భూతద్దంలో చూపించి, కొత్త భాగాలు వచ్చేదాకా ఇంజను తిప్పేది లేదని చెప్పాను.

నీలం పొగకు కారణం వేరు. ఆరు, ఏడు నంబరు ఇన్‌లెట్ గైడ్లు పోయినసారి మార్చినప్పుడు ఉండాల్సిన దానికంటే పైకి వదిలేశారు. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు రిటైనర్ అడుగుకు, గైడు పైభాగానికి మధ్య సగం మిల్లీమీటరు కూడా లేదు. ఆయిల్ సీలు నలిగిపోయింది. ఈ ఖాళీ కనీసం ఒకటిన్నర మిల్లీమీటరైనా ఉండాలని నేను పట్టుబడతాను.

గట్టి స్ప్రింగుల ప్రతిపాదన

ఈలోగా పెద్దాయన మేనల్లుడు ఒక పెట్టె తెచ్చాడు. జంట స్ప్రింగులు, అల్యూమినియం రిటైనర్లు, లాకులతో సహా పూర్తి సెట్టు. ఇదే కుటుంబంలోని పెద్ద ఇంజనుకు, వేగంగా నడిపేవాళ్ల కోసం చేసినది. కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఆసక్తి ఉంది.

"అన్నా, ఇంత గట్టి స్ప్రింగు వేస్తే వాల్వు తేలే ప్రశ్నే రాదు కదా?" అన్నాడు.

"తేలదు. కానీ మూసిన వాల్వును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, తెరిచేటప్పుడు క్యామ్‌ను కూడా అంత గట్టిగా నొక్కుతుంది. కొలుద్దాం రా, కొలిచాక నువ్వే చెప్పు" అన్నాను.

కొలిచాం. 40 మి.మీ. దగ్గర రెండు స్ప్రింగులు కలిపి 45 కిలోలు. బిగువు మిల్లీమీటరుకు 4.8 కిలోలు. ఈ ఇంజనులో డయల్ గేజితో కొలిచిన వాల్వు లిఫ్టు, అంటే వాల్వు తెరుచుకునే దూరం, 8.1 మి.మీ. అంటే తెరిచినప్పుడు దాదాపు 84 కిలోలు. మామూలు సెట్టుతో అదే చోట 44 కిలోలు. రెట్టింపుకు దగ్గర. ఈ క్యామ్ మీద నడిచేవి రోలర్లు కావు, చదునైన అడుగున్న ట్యాపెట్లు. క్యామ్ ముక్కుకు, ట్యాపెట్టు అడుగుకు మధ్య ఉండేది సన్నని నూనె పొర మాత్రమే. ఇంజనుకు అవసరం లేని 40 కిలోలను ఆ పొర మీద మోపితే క్యామ్ ముక్కులు అరుగుతాయి, పుష్‌రాడ్లు, రాకర్ షాఫ్టు మీద భారం పెరుగుతుంది. పైగా నేటి మామూలు నూనెల్లో చాలావాటిలో, పాత ఇంజన్లకు కావలసిన జింకు, ఫాస్ఫరస్ రసాయనం తగ్గించేశారు.

పెట్టెలో ఇంకో చిక్కు ఉంది, దాన్ని కుర్రాడే కనిపెట్టాడు. నేను బయటి స్ప్రింగు మొదట నొక్కి చూపించాను, పూర్తి లిఫ్టులో చుట్ల మధ్య సందు బాగానే ఉంది. అతను లోపలి స్ప్రింగును విడిగా తీసుకుని నొక్కాడు. చుట్లన్నీ ఆనుకున్నప్పుడు దాని ఎత్తు 31 మి.మీ. రిటైనర్‌లో లోపలి స్ప్రింగు కూర్చునే మెట్టు బయటిదానికంటే ఒకటిన్నర మిల్లీమీటరు కిందికి ఉంది. అంటే లోపలి స్ప్రింగుకు బిగించిన ఎత్తు 40 కాదు, 38.5. అందులోంచి 8.1 లిఫ్టు తీస్తే 30.4. స్ప్రింగు 31 కంటే నొక్కుకోదు. మిగిలిన 0.6 మి.మీ. ఎక్కడికి పోవాలి? పుష్‌రాడ్ వంగాలి, లేదా రాకర్ విరగాలి, లేదా క్యామ్ చెక్కుకుపోవాలి. జంట స్ప్రింగులు వేసేవాళ్లు లోపలిదాన్ని విడిగా లెక్క కట్టకుండా ఎప్పుడూ బిగించకూడదు. ఆ లెక్క కాగితం మీద వేసుకున్నాక అతను పెట్టె మూసేశాడు. ఆ వయసులో అంత శ్రద్ధగా కొలిచిన వేళ్లను చూస్తే నాకు చాలా సంతోషం వేసింది.

అల్యూమినియం రిటైనర్లు తేలిక, ఆ మాట నిజం. వేగం బాగా పెరిగే ఇంజనులో బరువు తగ్గించుకోవడానికి పనికొస్తాయి. కానీ ఉక్కు స్ప్రింగు రాపిడికి మెత్తగా అరుగుతాయి, తరచూ విప్పి చూసుకోవాలి. ఐదు వేల ఆర్‌పీఎం దాటని కుటుంబపు కారుకు మంచి ఉక్కు రిటైనరే తగినది.

ఎంచుకున్నవి, బిగించిన తీరు

నా పద్ధతి ఒకటే. ఆ ఇంజను చేరే అత్యధిక వేగంలో వాల్వును అదుపులో ఉంచగల స్ప్రింగుల్లో అన్నిటికంటే మెత్తనిదాన్ని ఎంచుకుంటాను. ఆ స్ప్రింగును బట్టి రిటైనర్, రిటైనర్‌ను బట్టి లాకులు. వీటిని మూడు దుకాణాల్లో మూడుగా కొనను. ఈ కారుకు హైదరాబాద్ పుత్లీబౌలిలో ఒంటి స్ప్రింగుల సెట్టు దొరికింది: తీగ 4.0 మి.మీ., 40.0 ఎత్తు దగ్గర 25 కిలోలు. ఎనిమిదినీ మా కాటా మీద పరీక్షించి, అరకిలో తేడా లోపల ఉన్నాకే తీసుకున్నాం. ఒకటి నిటారుగా లేదు. చదును బల్ల మీద మూలమట్టం ఆనించి తిప్పితే తల రెండు మిల్లీమీటర్లకు పైగా వాలింది. దాన్ని మార్పించాం. అదే సెట్టుకు చెందిన ఉక్కు రిటైనర్లు, లాకులు తీసుకుని మళ్లీ నీలం రంగు పరీక్ష చేశాం. వాలు నిండా రంగు అంటింది. రెండు అర లాకుల మధ్య సన్నని సందు మిగిలింది. ఆ సందు ఉంటేనే అవి కాడను బిగిస్తాయి, ఒకదానికొకటి తగిలితే బిగింపు పోతుంది.

4, 5 నంబర్ల సీట్లు వాషర్లతో సరిపెట్టే దశ దాటిపోయాయి. రెండు మిల్లీమీటర్లు దిగిన వాల్వు స్ప్రింగు కింద వాషరు వేస్తే స్ప్రింగు ఒత్తిడి వస్తుంది కానీ, కాడ పైకి లేచే ఉండి రాకర్ కోణం చెడుతుంది, సీటు తరగడం కూడా ఆగదు. అందుకని ఎగ్జాస్టులు నాలుగింటికీ గట్టి ఉక్కు సీటు రింగులు వేయించాం. రెండింటికే వేయిస్తే చాలదా అని పెద్దాయన అడిగారు. మిగతా రెండూ అదే పెట్రోలు మీద అదే దారిలో ఉన్నాయి, హెడ్డు ఎలాగూ మెషిన్ మీద ఉంది. ఆయన ఒప్పుకున్నారు. ఇన్‌లెట్లకు ఆ అవసరం లేదు, లోపలికి వచ్చే మిశ్రమమే వాటిని చల్లగా ఉంచుతుంది.

రింగుల తర్వాత ఎగ్జాస్టుల ఎత్తు 40.1, 40.2కు వచ్చింది. ఇన్‌లెట్ స్ప్రింగుల కింద పలుచని గట్టి ఉక్కు వాషర్లు వేసి అన్నిటినీ 40.0కు రెండు పదుల వంతు మిల్లీమీటర్లలోపు తెచ్చాం. 0.4 మి.మీ. తేడా అంటే దాదాపు ఒక కిలో ఒత్తిడి తేడా, అందుకే ఈ పట్టుదల. మామూలు వాషర్లు మాత్రం వాడవద్దు, స్ప్రింగు వాటిని తొలిచేస్తుంది. గైడ్లను సరైన లోతుకు దించాం. చుట్లన్నీ ఆనుకుంటే స్ప్రింగు ఎత్తు 28 మి.మీ., పూర్తి లిఫ్టులో దానికి దొరికే చోటు 31.9. రిటైనర్‌కు, గైడు సీలుకు మధ్య రెండు మిల్లీమీటర్లకు పైగానే వచ్చింది. ఇవన్నీ మెత్తటి పరీక్ష స్ప్రింగులు వేసి, క్రాంకును చేత్తో తిప్పుతూ, ఎనిమిదింటికీ విడివిడిగా చూసినవి.

ఇంజను పక్కనున్న రెండు కవర్లు విప్పితే ఈ ఇంజనులో ట్యాపెట్లు చేతికందుతాయి. తీసి అడుగులు చూశాం. ఏడింటికి గుండ్రని గుర్తు ఉంది, అంటే అవి నడుస్తూ తిరుగుతున్నాయి. ఐదోదానికి అడ్డంగా గీత పడింది, అది తిరగడం మానేసింది. దాన్ని మార్చాం. దాని క్యామ్ ముక్కు మీద మచ్చ ఉన్నా లిఫ్టు మిగతా ఎగ్జాస్టులతో సమానంగానే ఉంది కనుక క్యామ్‌షాఫ్టును అలాగే ఉంచాం. ఇది రాజీయే, పెద్దాయనకు ముందే చెప్పి, కాగితం మీద రాసి ఇచ్చాం.

ట్యాపెట్ల సందు సరిచేయడానికి ఈ వాల్వుల వరసకు తొమ్మిది లెక్క చక్కగా పనికొస్తుంది: ఒకటో వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఎనిమిదోది, రెండోది తెరిచినప్పుడు ఏడోది, అలా రెండూ కలిపి తొమ్మిది వచ్చేలా.

ఇంజను నడిపాక వాక్యూమ్ గేజి ముల్లు ఏ వేగంలోనూ ఊగలేదు. పొద్దుటి పొగ లేదు. దేవరకొండ రోడ్డు మీద తిప్పి తెచ్చాక హెడ్డు నట్లు, ట్యాపెట్లు మళ్లీ చూశాం. కొత్త స్ప్రింగులు మొదటి వేడికి కొద్దిగా ఒత్తిడి కోల్పోవడం మామూలే, ఆ తర్వాత నిలకడ పడతాయి. ఆ కుటుంబం కార్తీకంలో శ్రీశైలం వెళ్లి వచ్చింది. ఘాట్‌లో రెండో గేరులోనే దిగారు, చప్పుడు రాలేదు. తిరిగి వచ్చాక కొలిస్తే ఎగ్జాస్టుల సందు నాలుగింటిలోనూ పెట్టినంతే ఉంది. ఐదో నంబరు దగ్గర సందు పెరుగుతోందా అన్నది ప్రతి నూనె మార్పుకూ చూడాలి. పెరిగిందంటే ఆ మచ్చ ఉన్న క్యామ్ ముక్కు అరుగుతోందని అర్థం, అప్పుడు క్యామ్‌షాఫ్టు, ట్యాపెట్లు కలిపి మార్చాలి. ఎనిమిది వాల్వుల ఎత్తులు, ఒత్తిళ్లు, వాషర్ల మందాలు రాసిన కాగితం కారు కాగితాలతోపాటే డ్యాష్‌బోర్డు పెట్టెలో ఉంది, ఈసారి హెడ్డు ఎవరు విప్పినా అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.